సోమశిలలో ఒక విరామదినము

మార్గము ఎంత ముఖ్యమో మజిలీయును అంత ముఖ్యమని మన పూర్వులకు బాగుగ తెలియును. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడను యతి ఒక గోపకుమారుని వెంటబెట్టుకొని కాశికి పోవుచుండును. నడచినంతసేపు కథ లేదు. మజిలీ చేరిన పిమ్మట గోపకుమారుడు ఊరిలోనికి పోయి, అచ్చట తనకు వింతగ తోచినదానిని చూచి వచ్చి, దాని కారణమేమని యతిని అడుగును. అప్పుడు కథ మొదలగును. అనగా కథకు మూలము నడక కాదు, ఆగుట. ఆగినవానికే ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినవానికే కథ దొరకును.

కల్పితకథ అటుండనిండు. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు శ్రీశైలము సేవించుకొని, నేటి మన ప్రసంగమునకు విషయమైన ప్రాంతముననే కృష్ణను దాటి హైదరాబాదు దిక్కునకు పోయిరి. ఆయన యాత్రాచరిత్రను చదివినవారికి ముందుగ కానవచ్చునది మజిలీల వరుసయే. ఏ ఊరిలో దిగినారో, అచ్చట నీరెట్లున్నదో, దినుసులు దొరకునో దొరకవో, ఊరివారి స్థితి ఎట్టిదో ఆయన దినదినమును వ్రాసికొనిరి. ప్రతి సాయంకాలము ఎక్కడనో ఒకచోట ఆగవలసి వచ్చుటచేతనే ఆ గ్రంథమునకు అంతటి విలువ కలిగినది.

ఇప్పుడు మన ప్రయాణములు వేరైనవి. ఉదయము హైదరాబాదులో ఫలాహారము చేసి, సాయంకాలము తిరుపతిలో దిగువారికి నడుమనున్న ఊళ్ళు కేవలము పేరుపలకలు. అవి వచ్చును, పోవును. సైకిలు ప్రయాణము ఈ రెంటికిని నడుమ నున్నది. సైకిలుమీద పోవువానికి ఎదురుగాలి తెలియును; ఎత్తుపల్లములు తెలియును; పొయ్యిమీద నున్న కూర ఏదో వాసనచేతనే తెలియును. అయినను అతడును పోవుచునే యుండును. అతని కన్ను ముందున్న దారిమీదను, గుంటలమీదను ఉండును. కాబట్టి సైకిలు యాత్రికునికిని తాను చూచుచున్నదేదో తెలియవలెనన్నచో, సైకిలును గోడకు చేర్చి ఒక పూర్తిదినము నడవవలసి యుండును. మేము అట్టి దినమొకటి సోమశిలలో గడపితిమి. ఆ సంగతి మీకు విన్నవించుట ఈ ప్రసంగము ఉద్దేశము.

మేము నలుగురము. మాఘమాసమున హైదరాబాదు నుండి బయలుదేరి, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, కొల్లాపురముల మీదుగ మూడు దినములు సైకిళ్ళు తొక్కి సోమశిల చేరితిమి. కృష్ణ దాటి, ఆత్మకూరు మీదుగ నంద్యాలకును, అటనుండి మహానందికిని పోవలెనని మా సంకల్పము. నాలుగవదినము మాత్రము సైకిలు ముట్టరాదని బయలుదేరకముందే నియమము పెట్టుకొంటిమి.

ఈ నియమము సోమరితనముచేత పుట్టినది కాదు. కండరములు బలపడునది తొక్కునప్పుడు కాదు, తొక్కి ఆగిన పిమ్మట. ఎడతెగక పనిచేసిన కండరముల పోగులలో కంటికి కానరాని చినుగులు కలుగును. విశ్రాంతి దొరకినప్పుడు శరీరము వానిని మరమ్మతు చేసికొని మునుపటికన్న గట్టిపరచుకొనును. తొక్కుటకు కావలసిన శక్తి గ్లైకోజెన్ అను రూపమున కండరములలోను, కాలేయములోను నిలువయుండును. గంటలకొలది తొక్కినచో ఆ నిలువ తరిగిపోవును. జొన్నరొట్టెయో అన్నమో కడుపునిండ తినినను, అది మరల నిండుటకు సుమారు ఒక దినము పట్టును. అట్లని మంచముమీద పడియుండుటయు మంచిది కాదు. మెల్లగ నడచుచు, రక్తమును కదలనిచ్చుచు ఉండుటయే మేలు. కాబట్టి విరామదినమునకు ఊరు చూచుటకన్న తగిన పని లేదు.

సైకిలు పందెములకు పుట్టినిల్లని పేరొందిన ఫ్రాన్సుదేశములో ఈ సంగతిని మొదటినుండియు ఎరుగుదురు. 1903లో అచ్చట మొదటి 'టూర్ ద ఫ్రాన్స్' పందెము జరిగినప్పుడు మొత్తము దూరము 2,400 కిలోమీటర్లకు పైమాట. దానిని ఆరు అంచెలుగ విభజించి 19 దినములలో నడిపించిరి. అనగా తొక్కిన దినములకన్న ఆగిన దినములే ఎక్కువ. ఇప్పటి పందెములో 21 అంచెలు, రెండు విరామదినములు. పందెమున పరుగెత్తువారికే విరామము అంత అవసరమైనప్పుడు, ఊళ్ళు చూచుటకు బయలుదేరినవారికి చెప్పవలయునా?

ఆ దేశముననే సైకిలు యాత్రకు పితామహుడని పేరొందిన పాల్ ద వివీ అను ఆయన ఉండెను. 1853లో పుట్టి 1930లో గతించిన ఈయన 'వెలోసియో' అను కలంపేరుతో సైకిలు యాత్రికులకు కొన్ని నియమములు వ్రాసెను. ఆకలి కాకమునుపే తినుమనియు, దప్పి కలుగకమునుపే త్రాగుమనియు, గొప్పకొరకు ఎన్నడును తొక్కవద్దనియు అందు చెప్పెను. దారిలో తరచుగ ఆగవద్దనియు, ఆగినను ఎక్కువసేపు ఆగవద్దనియు కూడ చెప్పెను. ఇది మా మాటకు విరుద్ధమని మీకు తోచవచ్చును. కాని అడుగడుగున ఆగుట వేరు, ఒకచోట నిలుచుట వేరు. చెట్టుకొకసారి దిగువాడు దారిని పాడుచేసికొనును. ఒక ఊరిలో దినమంతయు నిలుచువాడు దారికి అర్థము సంపాదించుకొనును.

ఇక సోమశిల సంగతి. ఈ పేరు వినగానే కొందరికి నెల్లూరు జిల్లాలో పెన్నానదిమీద కట్టిన సోమశిల జలాశయము జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పు సోమశిల వేరు. ఇది పాలమూరు సీమలో, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురము మండలములో, కృష్ణకు ఉత్తరపుటొడ్డున నున్న చిన్నగ్రామము. కొల్లాపురము సురభివంశపు ప్రభువుల సంస్థానమునకు రాజధానిగ ఉండినది. వారి కోట నేటికిని ఊరినడుమ నిలిచియున్నది. అంతకుముందు ఆ వంశపువారి స్థానము జటప్రోలు. చంద్రికాపరిణయమను ప్రబంధము రచించిన సురభి మాధవరాయలు ఆ జటప్రోలు ప్రభువే. కొల్లాపురపు మామిడికి మంచి పేరు. మేము పోవునాటికి తోటలన్నియు పూతమీద నుండెను. ఊరు దాటి పది కిలోమీటర్లు పోగానే దారి వంపు తిరిగి, ఒక్కసారిగ కన్నులయెదుట నీరు పరచుకొనును. ఆవల నల్లమల కొండలు. ఇది నదియని చెప్పినగాని తెలియదు. సముద్రపు పాయవలె నుండును.

మరునాటి ఉదయమున సైకిళ్ళను దిగిన యింటివారి వసారాలో ఉంచి, ఊరిలోనికి నడచితిమి. నదివైపు పోవు సందులో ఒక వృద్ధురాలు గడపలో కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. మమ్ము చూచి తానే పలుకరించెను.

"యాడికెల్లి ఒచ్చిన్రు బిడ్డా?"

"హైదరాబాదు నుంచి అవ్వా. సైకిళ్ళ మీద వచ్చినాము."

"సైకిళ్ళ మీదనా? ఏం, బస్సులు బందుపెట్టిన్రా?"

మేమందరము నవ్వితిమి. ఆమెయు నవ్వి, కూర్చొనుమని అరుగు చూపెను. మాటలమధ్య మాలో ఒకరు, "మీది ఈ ఊరేనా అవ్వా?" అని అడిగిరి. ఆమె చేతిలోని చింతపండు చేటలో వేసి, నీటివైపు చేయి చాచెను.

"మా ఊరు గాడున్నది బిడ్డా. నీళ్ళ కింద. ఎండకాలం నీళ్ళు గుంజినప్పుడు మా ఇంటి అరుగు అగుపడ్తది."

ఈ మాట ఆమె దుఃఖించుచు చెప్పలేదు, నిష్ఠురముగను చెప్పలేదు. పొరుగూరికి దారి చెప్పినట్లు చెప్పెను. గోపకుమారునికి ప్రతి మజిలీలోను ఒక ప్రశ్న దొరకినట్లు మాకును ప్రశ్న దొరకెను. ఈ అందమైన నీటి కిందికి ఊళ్ళు ఎట్లు పోయినవి? ఒడ్డున నిలిచిన ఊరు ఎట్టిది?

సమాధానములో కొంతభాగము దేవాలయములోనే ఉన్నది. సోమశిలకు పేరు తెచ్చినది లలితాసోమేశ్వరస్వామి ఆలయము. ఒకే ప్రాంగణములో అనేక శివాలయములు, ద్వాదశ జ్యోతిర్లింగముల పేర్లతో లింగములు ఉన్నవి. శివరాత్రికిని, కార్తికమాసమునకును జనము విశేషముగ వచ్చెదరు. 2016 ఆగస్టులో కృష్ణకు పుష్కరములు వచ్చినప్పుడు ఇచ్చటి ఘాట్లలో స్నానముచేసినవారు అసంఖ్యాకులు. యాత్రికుడు ప్రదక్షిణముచేసి, ప్రాచీనమైన రాతికట్టడమని మ్రొక్కి పోవును. కట్టడము ప్రాచీనమే, కాని అది నిలిచియున్న చోటు క్రొత్తది. పూర్వము ఆలయములు నదిదగ్గర పల్లములో ఉండెను. శ్రీశైలము జలాశయపు ముంపు రానున్నదని తెలిసి, వానిని విప్పి మెరకకు తెచ్చి మరల నిలిపిరి.

రాతిగుడిని ఒకచోటినుండి మరియొక చోటికి తెచ్చుట సామాన్యమైన పని కాదు. మొదట ప్రతి గోడకును, ప్రతి కంబమునకును నకాసు గీయవలెను. ప్రతి రాతిమీదను ఒక సంఖ్య వేయవలెను. పైనుండి క్రిందికి ఒక్కొక్క వరుసయే దించి, క్రొత్తచోట పునాది వేసి, క్రిందినుండి పైకి అదే సంఖ్యల వరుసలో పేర్చవలెను. ఒక్క రాయి తారుమారైనచో పైవరుస కూర్చొనదు. ఈ విధముగ కృష్ణాతుంగభద్రల తీరమున అనేకాలయములకు పునర్జన్మ కలిగినది. కూడలి సంగమేశ్వరాలయమును, పాపనాశి ఆలయములను ఆలంపురమునకు తరలించిరి. జటప్రోలులోని మదనగోపాలస్వామి ఆలయమును కూడ ముంపునుండి తప్పించిరి. శిల్పము దెబ్బతినకుండ ఇంత పని జరిపించిన పురావస్తుశాఖవారి ఓర్పును ఎంత మెచ్చినను తగును.

అయితే గుడిరాళ్ళకు సంఖ్యలు వేసినట్లు ఊరికి సంఖ్యలు వేయుట సాధ్యము కాదు. గుడిలో ఏ రాయి పక్కన ఏ రాయి ఉండవలయునో పటములో వ్రాసికొనవచ్చును. ఏ యింటి పక్కన ఏ యిల్లు ఉండెనో, ఏ చింతచెట్టు క్రింద పంచాయతి జరిగెనో, ఏ బావినీటితో పప్పు తొందరగ ఉడికెనో ఏ పటములో వ్రాయగలము? గుడులు చెక్కుచెదరకుండ వచ్చినవి. ఊళ్ళు చెదరిపోయినవి.

శ్రీశైలము ప్రాజెక్టునకు 1963 జూలైలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ముఖ్యముగ విద్యుత్తు కొరకు తలపెట్టిన ఆ ఆనకట్ట 1980 ప్రాంతములకు పూర్తికావచ్చెను. దాని పూర్తి నీటిమట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు నీరు నిలిచినప్పుడు సుమారు 600 చదరపు కిలోమీటర్లకు పైగా భూమి మునుగును. నాటి మహబూబునగరము, కర్నూలు జిల్లాలలో వందకు పైగా గ్రామములు ఈ ముంపునకు లోనైనవి. సోమశిలయు అందులో ఒకటి. 1981 వేసవిలో ఊళ్ళను ఖాళీచేయించిరి, ఇండ్లను పడగొట్టించిరి. పొలమునకు ఇచ్చిన పరిహారము చేతికి వచ్చినంత వేగముగ చేతినుండి జారిపోయెను. కౌలుదారునికిని, కూలివానికిని, కుమ్మరి కమ్మరి చాకలివారికిని అసలు పరిహారమనదగినది ఏముండును? వారి ఆస్తి భూమి కాదు. ఊరే వారి ఆస్తి.

ముంపు కుటుంబములకు ఇంటికొక ఉద్యోగము ఇచ్చుటకు 1986లో ప్రభుత్వము 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువరించెను. ఈ ప్రాంతములో '98 జీవో' అనినచో చదువురానివారికిని అర్థమగును. ఆ ఉత్తర్వు అమలుకొరకు నిర్వాసితులు దశాబ్దములతరబడి తిరుగుచు వచ్చిరి. దరఖాస్తు పెట్టినప్పుడు యువకుడుగ నున్నవాడు తిరిగి తిరిగి తాత అయ్యెను. కాగితమునకు వార్ధక్యము లేదు, మనిషికి ఉన్నది.

ఇచ్చట మరియొక సంగతి చెప్పవలెను. పాలమూరు కూలీలు మట్టిపనికి దేశమంతట ప్రసిద్ధులు. వాన కురియని సంవత్సరములలో పిల్లాపాపలతో బయలుదేరి, ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను వారు పోయి చెమటోడ్చిరి. పరుల పొలములకు నీరు పారించుటకు రాళ్ళు మోసిన జిల్లాయే తన ఊళ్ళను నీటికి అర్పించుకొన్నది. పైగా ఆ నీరు చాలకాలము ఎదుటనే నిలిచియు గట్టెక్కి పొలమునకు రాలేదు. కొల్లాపురమునకు సమీపమున ఎల్లూరు వద్ద నీటిని ఎత్తిపోయు కల్వకుర్తి పథకము పనిచేయ మొదలుపెట్టునప్పటికి, ముంపునాడు పుట్టిన బిడ్డలకు ముప్పదేండ్లు నిండినవి. ప్రాజెక్టు వలదని మేము అనుట లేదు. దానివలన వెలిగిన దీపములను, పండిన పంటలను కాదనుట న్యాయము కాదు. కాని దీపము వెలిగించుకొన్నవాడు నూనె ఎవరింటినుండి వచ్చెనో తెలిసికొనుట కృతజ్ఞత. ఆ పాటి కృతజ్ఞతకైన ఈ ఒడ్డున ఒక పూట ఆగవలసియున్నది.

మధ్యాహ్నము రేవునకు పోతిమి. సోమశిల రేవులో రెండు కాలములు పక్కపక్కన ఉన్నవి. ఒకవైపు ఇంజను పడవలు, పర్యాటకశాఖవారి లాంచీ. నీరు చాలినంత ఉన్న ఋతువులో ఈ లాంచీ నల్లమల కొండలనడుమ నుండి వంద కిలోమీటర్లకు పైగా పోయి శ్రీశైలము చేరును. మరియొకవైపు పుట్టులు. పుట్టి యనగా వెదురుబద్దలతో గంపవలె గుండ్రముగ అల్లిన పడవ. పూర్వము దానికి తోలు కప్పెడివారు. ఇప్పుడు మందమైన పట్టాలు కప్పి తారు పూయుచున్నారు. దానికి ముందు వెనుకలు లేవు. తెడ్డు సరిగ వేయనిచో ఉన్నచోటనే గిరగిర తిరుగును. సైకిలు తొక్కువానికి నిలుకడ వేగమువలన వచ్చును. పుట్టి నడుపువానికి నిలుకడ చేతిలోని ఒద్దికవలన వచ్చును. ఒక జాలరి తెడ్డును ఎనిమిది అంకెవలె నీటిలో త్రిప్పుచు ఏ తొందరయు లేక సాగిపోవుట మేము చాలసేపు చూచితిమి.

జలాశయము ఏర్పడిన పిమ్మట ఇచ్చట చేపలవేట పెద్ద జీవనోపాధి అయినది. స్థానికులేగాక, సముద్రతీర జిల్లాలనుండి వచ్చిన మత్స్యకార కుటుంబములును ఒడ్డున గుడిసెలు వేసికొని బ్రతుకుచున్నవి. అచ్చట చేపలు ఎండవేయు వాసనయే వారి ఉనికిని ముందుగ తెలుపును. ఈ నీటిలో ఇప్పుడొక వివాదము నడచుచున్నది. అలివివల యని ఒకటి కలదు. దాని కన్నులు మిక్కిలి చిన్నవి. దోమతెరవంటి ఆ వలలో వ్రేలెడు పిల్లలును, ఇంకను చిన్నవియును కొట్టుకొని వచ్చును. కిలో బరువు పెరుగవలసిన చేప గ్రాముల బరువుననే ఎండుచేపల గుట్టలో చేరును. అందుచేతనే ఈ వలలను నిషేధించిరి. అయినను వాని వాడుక పూర్తిగ పోలేదని చిన్నవలలవారి మొర. విత్తనము వేయించుకొని తినినవానికి మరుసటేట పంట ఉండదు గదా! నేలకు వర్తించిన ఈ న్యాయము నీటికిని వర్తించును.

నీటికి ఇంకొక ముఖమును ఉన్నది. 2007 జనవరిలో సింగోటము లక్ష్మీనరసింహస్వామి జాతరకు వచ్చి మరలిపోవుచున్న జనముతో ఈ సమీపముననే మంచాలకట్ట వద్ద ఒక పడవ మునిగెను. అరవైమంది దాక ప్రాణములు కోల్పోయిరి. జాతరలో కొన్న గాజులు, బొమ్మలు పిల్లల చేతులలో ఉండగనే ఇండ్లు దీపములు లేనివైనవి. ఆవలియొడ్డున బంధువులు, ఈవలియొడ్డున దేవుడు. నడుమ వంతెన లేదు. అందుచేత కిక్కిరిసిన పడవయే గతియైనది. ఒకప్పుడు వేసవిలో పాయలు చూచికొని దాటిన నది, జలాశయమైన పిమ్మట ఏడాదిలో చాలభాగము లోతైన మడుగు. పటములో ఎదురెదురుగ ఉన్న ఊళ్ళు బ్రతుకులో దూరమైనవి. కనుక ఇచ్చట పడవ ఎక్కువారికి మా మనవి యేమనగా: తేలుడు చొక్కా తొడుగుకొననిదే కాలు మోపవలదు, మోయదగినవారికన్న ఒక్కరు ఎక్కువైనను దిగి, మరుపడవకు ఆగుడు.

ఎండ చల్లబడిన పిమ్మట అట్లే చొక్కాలు తొడిగికొని పడవమీద సంగమేశ్వరమువైపు పోతిమి. ఆవలియొడ్డు ఆంధ్రప్రదేశములోని నంద్యాల జిల్లా. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అను ఏడునదులు కలియుచోటని దానికి సప్తనదీ సంగమమని ప్రసిద్ధి. అచ్చటి సంగమేశ్వరుడు వేపమ్రాని లింగము; ధర్మరాజు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. ఈ గుడిని తరలించలేదు. ఏటేట వరదతో మునుగును. వేసవిలో నీరు తగ్గగనే తేలును. తేలిన కొన్ని నెలలలోనే పూజలు జరుగును. మరల నీరు వచ్చుదినమున అర్చకుడు చివరి హారతి యిచ్చి ఒడ్డెక్కును. మేము పోవునాటికి శిఖరపు కొన మాత్రము నీటిపైన కానవచ్చుచుండెను. పడవవాడు ఇంజను ఆపెను. అలల చప్పుడు తప్ప మరి చప్పుడు లేదు. శిఖరముమీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకొనుచుండెను. మా క్రింద ఎన్ని నిలువుల లోతున మెట్లును, మండపమును ఉన్నవో ఊహించుకొనుచు మేమందరము మౌనముగ ఉంటిమి.

తరలించిన దేవుని ఒకయొడ్డున చూచితిమి. మునుగుచు తేలుచు తనచోటనే యున్న దేవుని ఇంకొకయొడ్డున చూచితిమి. ముంపు ఊళ్ళ మనుష్యులును ఈ రెండు తెగలవారే. కొందరు దూరపు పట్టణములకు పోయి అక్కడనే వేరూనిరి. కొందరు నీటి అంచునే పట్టుకొని యుండిరి. నీరు తగ్గినప్పుడు బయటపడు ఒండ్రునేలలో వీరు విత్తనము చల్లుకొందురు. మరల వరద వచ్చులోపల పంట చేతికి వచ్చినచో వచ్చినట్లు, లేనిచో లేదు. నదియు ఊరకుండలేదు. ఆనకట్ట కట్టినప్పుడు ఈ జలాశయమున 308 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్క. పూడిక చేరి చేరి ఇప్పుడు సుమారు 215కు తగ్గినది. అనగా మునిగిన ఊళ్ళ మీద నీరు మాత్రమేగాక మన్నును పేరుకొనుచున్నది. ఆ వృద్ధురాలి అరుగు ఇంకెన్ని వేసవులు కానవచ్చునో చెప్పుట కష్టము. అందుచేతనే ఆ ఊళ్ళ పేర్లు తెలిసినవారు ఉన్నప్పుడే వినవలసియున్నది.

ఇప్పుడు సోమశిలకు మంచిదినములు వచ్చుచున్నవి. 2024లో కేంద్ర పర్యాటకశాఖవారు ఎన్నుకొన్న ఉత్తమ పర్యాటక గ్రామములలో ఇదియు ఒకటి. కృష్ణమీద ఇచ్చటినుండి ఆవలి సిద్ధేశ్వరమునకు తీగల వంతెన కట్టుటకు 2022లో కేంద్రప్రభుత్వము 1,082 కోట్ల రూపాయల పైచిలుకు వ్యయముతో ఆమోదము తెలిపినది. దానివలన హైదరాబాదు, తిరుపతుల నడుమ దూరము 80 కిలోమీటర్ల వరకు తగ్గునని అంచనా. వంతెన రావలెను. మంచాలకట్ట వంటి దుర్దినము మరల రాకుండుటకైనను అది రావలెను. కాని వంతెన వచ్చిననాడు సోమశిలను చూడక దాటిపోవుట మిక్కిలి సులభమగును. ఇప్పుడు దారి ఇచ్చట ముగియుచున్నది గనుక ఎవరైనను ఆగుదురు. రేపు దారి ముగియదు. బండ్లు వంతెన నడుమ ఒక నిమిషము నిలిచి, చిత్రములు తీసికొని, సాగిపోవును. ఆ చిత్రములలో నీరు ఉండును, కొండలు ఉండును, సూర్యాస్తమయము ఉండును. నీటిక్రింద నున్నది ఉండదు.

ఒకదినము ఆగినంతమాత్రమున మునిగిన ఊరు తేలదు. నిలిచిన దరఖాస్తు కదలదు. అయినను ఆగినవాడు ఒక పని చేయగలడు. ఇది ప్రకృతి ఇచ్చిన సరస్సు అని తాను భ్రమపడడు, తనవారిని భ్రమపడనీయడు. పడవవానికి బేరమాడక కూలి యిచ్చును. ఊరివారు వండిన చేపలపులుసును, జొన్నరొట్టెను తినును. వృద్ధులు కనబడినచో "మీ ఊరి పేరేమి?" అని అడిగి, విని, వీలైనచో వ్రాసికొనును. ఊరు తిరిగి రాకున్నను, ఊరి పేరు పలుకువారు ఒకరు పెరుగుదురు. వీరాస్వామయ్యగారు పల్లకిలో పోవుచు మజిలీమజిలీకి వ్రాసికొన్నందున గదా ఆనాటి ఊళ్ళ బ్రతుకు మనకు కొంతైన తెలిసినది!

మీలో సైకిళ్ళమీదనో, మోటారు సైకిళ్ళమీదనో దేశము చూడ బయలుదేరువారు అనేకులు ఉందురు. ఎన్ని దినములలో ఎన్ని వందల కిలోమీటర్లు పోతిమని లెక్క వేసికొనుటలో తప్పు లేదు. కాళ్ళ సత్తువకు అదియొక పరీక్ష. దానితోబాటు ఎన్నిచోట్ల నిలిచితిమి, ఎవరి అరుగుమీద కూర్చుంటిమి, ఏ ప్రశ్న వెంట తెచ్చుకొంటిమి అని మరియొక లెక్కయు వేసికొనుడు. మొదటి లెక్క చక్రమునకు సంబంధించినది. రెండవది మనుష్యునికి సంబంధించినది. ఆ రెండవ లెక్కలో సున్న రాకుండవలెనన్నచో దారిలో ఒక దినమును ఏమియు తొక్కని దినముగ ఉంచుకొనుడు. ఆ దినము సోమశిలలోనైనచో మరియు మంచిది.